ఒకే ఇల్లు, ఇద్దరు పిల్లలు, రెండు రకాల కాలేజీ లెక్కలు

పోయినేడాది సెప్టెంబరులో మా అమ్మాయి హైస్కూల్లో సీనియర్ల తల్లిదండ్రులకు ఒక మీటింగ్ పెట్టారు. కౌన్సెలర్ చక్కగా స్లైడ్లు చూపించి, "అందరూ ఫాఫ్సా నింపండి, మీకు రావాల్సిన డబ్బు వదులుకోకండి" అని మూడుసార్లు చెప్పింది. నేను నోట్‌బుక్‌లో రాసుకుని కింద రెండు గీతలు కొట్టుకున్నాను. ఆ రాత్రే అమ్మాయీ నేనూ కూర్చుని ఎవరెవరికి అర్హత ఉందో చదివాం. పౌరసత్వం దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం ఆగిపోయాం. అమెరికా పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు, శరణార్థులు, ఇంకొన్ని వర్గాలు ఉన్నాయి. హెచ్-4 ఆ జాబితాలో లేదు.

"నేను మూడేళ్ళప్పటి నుంచి ఇక్కడే ఉన్నాను కదమ్మా?" అంది.

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత ఎనిమిది నెలల్లో నేను నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. మేముండేది టెక్సాస్, డాలస్ వైపు. మా ఆయనది హెచ్-1బి, నాది హెచ్-4. పెద్దమ్మాయి గుంటూరులో పుట్టింది, చిన్నవాడు ఇక్కడే పుట్టాడు. అంటే ఒకే డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చునే ఇద్దరు పిల్లలకు కాలేజీ ఖర్చు విషయంలో ఈ దేశం రెండు వేర్వేరు లెక్కలు వేస్తుంది. మన వాళ్ళలో ఇలాంటి ఇళ్ళు చాలానే ఉన్నాయి. అయినా వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే సలహాలన్నీ పౌరులైన పిల్లల కోసమే ఉంటాయి. అవి చదివి హెచ్-4 పిల్లల తల్లిదండ్రులు ధైర్యంగా ఉండిపోతారు, మేము ఉన్నట్టే.

ముందు అసలు ధర సంగతి. మన దగ్గర ఎంసెట్ ర్యాంకు వచ్చాక కన్వీనర్ కోటా సీటుకు ఫీజు ఎంతో ప్రభుత్వమే ఖరారు చేస్తుంది. రీయింబర్స్‌మెంట్ వస్తుందో రాదో కూడా కౌన్సెలింగుకు ముందే తెలుస్తుంది. ఇక్కడ వెబ్‌సైటు మీద కనిపించే ధర బట్టల షాపులో ఎమ్మార్పీ లాంటిది. కొందరు అంతా కడతారు, చాలామంది అంత కట్టరు. కాలేజీ మన ఆదాయం, ఆస్తి, పిల్లల మార్కులు, మనం ఏ రాష్ట్రం వాళ్ళం, ఏ స్టేటస్‌లో ఉన్నాం అన్నవి చూసి ఒక్కొక్కరికి ఒక్కో ధర చెబుతుంది. 2011 నుంచి ప్రతి కాలేజీ తన వెబ్‌సైటులో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ పెట్టాలని ఫెడరల్ చట్టం ఉంది. ఆదాయం, ఆస్తులు వేస్తే మీకు ఉజ్జాయింపుగా ఎంత పడుతుందో చెబుతుంది. దరఖాస్తు ఫీజు కట్టకముందే ఈ పని చెయ్యండి. ఒక్క జాగ్రత్త మాత్రం గుర్తుంచుకోవాలి: ఈ కాలిక్యులేటర్లు విద్యార్థికి ఫెడరల్ సాయం వస్తుందన్న లెక్కతోనే నడుస్తాయి. హెచ్-4 బిడ్డ విషయంలో ఆ అంకెను నమ్మి కూర్చోకూడదు.

కాలేజీ చదువుకు డబ్బు నాలుగు చోట్ల నుంచి వస్తుంది: ఫెడరల్ ప్రభుత్వం, రాష్ట్రం, కాలేజీ సొంత నిధులు, బయటి స్కాలర్‌షిప్పులు. హెచ్-4 పిల్లలకు మొదటిది పూర్తిగా మూత. పెల్ గ్రాంట్ లేదు, ఫెడరల్ లోన్ లేదు, వర్క్-స్టడీ లేదు. పెల్ పోతే పోయింది, హెచ్-1బి జీతాలకు అది ఎలాగూ రావడం కష్టం. నష్టం లోన్ దగ్గర తెలుస్తుంది. పౌరుడైన పిల్లవాడు తల్లిదండ్రుల జీతం ఎంతున్నా మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500, ఆ తర్వాత ఏడాదికి 7,500 డాలర్ల వరకు తన పేరు మీద ఫెడరల్ లోన్ తీసుకోవచ్చు. హామీదారు అక్కర్లేదు. మా అమ్మాయి ప్రైవేటు లోన్ అడిగితే పౌరుడో గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళో సహ సంతకం పెట్టాలంటారు. ఎవర్ని అడుగుతాం? అడిగినా ఎంత దగ్గరివాళ్ళు మాత్రం పెడతారు?

రెండోది రాష్ట్రం. మా ఇంట్లో మొత్తం కథ తిరిగింది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

టెక్సాస్‌లో యూటీ ఆస్టిన్ లాంటి చోట ఇన్-స్టేట్ ట్యూషన్ ఏడాదికి సుమారు 11 నుంచి 13 వేల డాలర్లు. బయటి రాష్ట్రం వాళ్ళకు 40 వేలు దాటుతుంది. రూము, తిండి దీనికి అదనం. నాలుగేళ్ళకు ఆ తేడా లక్ష డాలర్లు మించిపోతుంది. హెచ్-4 పిల్లలు ఇన్-స్టేట్ ఫీజుకు పనికొస్తారా అన్నది ప్రతి రాష్ట్రం వేరుగా తేల్చుకుంటుంది. టెక్సాస్ నిబంధనల ప్రకారం హెచ్-1బి, హెచ్-4 వాళ్ళు ఇక్కడ స్థిరనివాసం ఏర్పరచుకోవచ్చు. చదువు మొదలయ్యే ముందు కనీసం పన్నెండు నెలలుగా తల్లిదండ్రులు ఇక్కడే స్థిరపడి ఉంటే, వాళ్ళ మీద ఆధారపడిన బిడ్డ రెసిడెంట్‌గా లెక్కకొస్తుంది.

ఇది తెలిసి కూడా మేం దెబ్బతిన్నాం. దరఖాస్తులో నివాసం గురించి వరుసగా ప్రశ్నలుంటాయి. అమ్మాయి హడావిడిగా, "నేను పౌరురాలిని కాదు కదా" అనుకుంటూ కొన్ని జవాబులు ఇంటర్నేషనల్ విద్యార్థి ఇచ్చినట్టే ఇచ్చింది. తల్లిదండ్రుల నివాసం అడిగిన భాగం ఖాళీగా వదిలేసింది. ఫిబ్రవరిలో సీటు వచ్చింది, అందరం సంబరపడ్డాం, మామయ్యగారికి ఫోన్ చేసి చెప్పాం. మార్చిలో పోర్టల్‌లో ఖర్చు అంచనా పెట్టారు. అందులో తనని నాన్-రెసిడెంట్ అని రాసి ఉంది. ఆ అంకె చూసి మా ఆయన ఏమీ మాట్లాడకుండా లేచి బయట లాన్‌కు నీళ్ళు పెట్టడానికి వెళ్ళిపోయారు. మార్చిలో మా లాన్‌కు నీళ్ళ అవసరం ఏమీ లేదు.

సరిదిద్దుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఇంటి కాగితాలు, మా ఆయన ఏడాదికి పైగా టెక్సాస్‌లోనే ఉద్యోగం చేస్తున్నట్టు కంపెనీ లెటర్, ట్యాక్స్ రిటర్నులు, ముగ్గురి ఐ-797 అప్రూవల్ నోటీసులు, ఐ-94లు, అమ్మాయి స్కూలు ట్రాన్‌స్క్రిప్టులు అన్నీ ఒక ఫైలుగా చేసి, నివాస ప్రశ్నల పత్రం మళ్ళీ నింపి పంపించాం. మొదటిసారి ఫోన్ చేస్తే ఎత్తినావిడ "వీసా ఉంటే కుదరదు" అని పెట్టేసింది. రెండోసారి నేను రాష్ట్ర నిబంధన ఉన్న పేజీని జతచేసి ఈమెయిల్ రాశాను. ఏప్రిల్ రెండో వారంలో రెసిడెంట్ అని మార్చారు. ఫోన్లో వచ్చిన జవాబును ఆఖరి మాట అనుకోకండి, రాతపూర్వకంగా అడగండి. హెచ్-4 గురించి ఆ డెస్కుల దగ్గర కూర్చున్న అందరికీ తెలియదు, వాళ్ళకు రోజూ వచ్చే కేసులు వేరు. 2025 జూన్‌లో కోర్టు ఉత్తర్వు వచ్చాక టెక్సాస్‌లో చట్టబద్ధమైన స్టేటస్ లేని పిల్లలకు ఇన్-స్టేట్ ఫీజు ఆగిపోయింది. హెచ్-4 చట్టబద్ధమైనదే. అయినా ఇప్పుడు కాలేజీలు స్టేటస్ కాగితాలు అడగవచ్చు, ఐ-94 గడువు చూసుకుని సిద్ధంగా పెట్టుకోండి.

ఇంకో సంగతి. టెక్సాస్ పబ్లిక్ స్కూళ్ళలో పన్నెండో తరగతి పాసవ్వాలంటే ఫాఫ్సా గానీ, టాస్ఫా గానీ నింపాలి, లేదా వద్దని ఒక ఫారం మీద సంతకం పెట్టాలి. టాస్ఫా అంటే రాష్ట్రం ఇచ్చే సాయం కోసం పెట్టే దరఖాస్తు. టెక్సాస్ రెసిడెంట్‌గా లెక్కకొచ్చి, ఫాఫ్సాకు అర్హత లేని పిల్లల కోసం ఉంది. మనవాళ్ళు చాలామంది "మాకేం రాదులే" అని ఆ వద్దనే ఫారం మీద సంతకం పెట్టేస్తారు. ఆదాయం తక్కువగా ఉన్న ఏడాది గానీ, ఉద్యోగం పోయిన ఏడాది గానీ అలా పెట్టకండి. యూటీ సిస్టమ్ కాలేజీల్లో 2025 ఫాల్ నుంచి లక్ష డాలర్ల లోపు ఆదాయమున్న టెక్సాస్ కుటుంబాల పిల్లలకు ట్యూషన్ లేకుండా చేశారు. దాన్ని అడగాలన్నా ఈ రెండింటిలో ఏదో ఒక దరఖాస్తు ఉండాల్సిందే.

సీటు గురించి కూడా రెండు మాటలు. టెక్సాస్‌లో 1997 నాటి చట్టం ప్రకారం క్లాసులో మొదటి పది శాతంలో ఉన్నవాళ్ళకు రాష్ట్ర యూనివర్సిటీల్లో నేరుగా సీటు వస్తుంది. యూటీ ఆస్టిన్‌కు మాత్రం ఆ గీత పైకి జరుగుతూ వచ్చింది, 2026 ఫాల్‌లో చేరేవాళ్ళకు మొదటి అయిదు శాతం. కానీ అది యూనివర్సిటీలో సీటుకే. కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్, బిజినెస్ సీటుకు విడిగా పోటీ పడాలి. ఆటోమేటిక్ అనుకుని ఎస్సేలు నిర్లక్ష్యం చేసిన పిల్లలు ఇష్టం లేని బ్రాంచిలో చేరడం మా వీధిలోనే చూశాను.

మూడోది కాలేజీ సొంత డబ్బు. హెచ్-4 పిల్లలకు పెద్ద మొత్తం వచ్చే అవకాశం ఉన్నది ఇక్కడే. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ లాంటి కొన్నే కాలేజీలు ఇంటర్నేషనల్ విద్యార్థులను కూడా డబ్బు అవసరం చూడకుండా తీసుకుని, అవసరమైనంత సాయం చేస్తాయి. హార్వర్డ్, ఎంఐటీ 2025 ఫాల్ నుంచి రెండు లక్షల డాలర్ల లోపు ఆదాయమున్న కుటుంబాలకు, మామూలు ఆస్తులే ఉంటే, ట్యూషన్ లేకుండా చేశాయి. సీటు రావడం దుర్లభమే. వస్తే మాత్రం మా లాంటి ఇంటికి అది ఊళ్ళో ఉన్న స్టేట్ కాలేజీ కంటే చౌక కావచ్చు. ఇలాంటి చోట్ల ఫాఫ్సా బదులు, లేదా దానితో పాటు, సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఫారం అడుగుతారు. దానికి పౌరసత్వంతో పనిలేదు.

మిగిలిన చాలా ప్రైవేటు కాలేజీలు మాత్రం ఇంటర్నేషనల్ అని లెక్కేసిన పిల్లల విషయంలో "సాయం అడిగారా లేదా" అన్నది సీటు ఇచ్చేటప్పుడే చూస్తాయి. ఏ కాలేజీ ఎలాంటిదో తెలుసుకోవడానికి నాకు బాగా పనికొచ్చింది కామన్ డేటా సెట్ అనే పత్రం. కాలేజీ పేరుతో కలిపి ఈ మాట వెతికితే చాలా కాలేజీలది దొరుకుతుంది. అందులో హెచ్ అనే విభాగంలో వీసా మీదున్న విద్యార్థులు ఎంతమందికి సాయం ఇచ్చారు, సగటున ఎంత ఇచ్చారు అని అంకెలతో సహా ఉంటుంది. బీఎస్సీలో మాకు లిమిటింగ్ రీఏజెంట్ అని ఒక లెక్క ఉండేది. మిగతావన్నీ ఎంత పోసినా, తక్కువున్న ఆ ఒక్క పదార్థమే ఫలితం ఎంతో తేలుస్తుంది. మా అమ్మాయి విషయంలో మార్కులు, శాట్ స్కోరు, వలంటీర్ గంటలు అన్నీ ఉన్నాయి. తక్కువైంది స్టేటస్. ఆ పత్రం చూశాక జాబితాలోంచి తొమ్మిది కాలేజీలు కొట్టేశాం, ఆ తొమ్మిది దరఖాస్తు ఫీజులూ మిగిలాయి.

ఎర్లీ డెసిషన్ జోలికి మేం వెళ్ళలేదు. అందులో సీటు వస్తే చేరతామని ముందే మాట ఇవ్వాలి, మరో కాలేజీ ధరతో పోల్చుకునే వీలుండదు. ఎర్లీ యాక్షన్‌లో ఆ బంధం లేదు. మామూలుగా మే 1 వరకు ఆలోచించుకోవచ్చు. ఆఫర్ లెటర్ వచ్చాక అందులో గ్రాంట్ ఎంత, లోన్ ఎంత అని విడిగా రాసుకోండి. కొన్ని లెటర్లలో రెండూ ఒకే వరసలో కలిపి "అవార్డు" అని వేస్తారు. తిరిగి కట్టాల్సిన డబ్బును అవార్డు అనడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నాలుగోది బయటి స్కాలర్‌షిప్పులు. పెద్దవాటిలో చాలావాటికి పౌరసత్వమో గ్రీన్ కార్డో అడుగుతారు. అర్హతల పేరా ముందు చదివి, ఆ తర్వాతే పిల్లల చేత ఎస్సే రాయించండి. మా అమ్మాయి రెండు శనివారాలు కూర్చుని రాసిన ఎస్సే ఒకటి ఇప్పటికీ కంప్యూటర్‌లో అలాగే ఉంది. ఊళ్ళో సంఘాలు, తండ్రి పనిచేసే కంపెనీ, స్కూలు పీటీఏ ఇచ్చే చిన్న మొత్తాల్లో స్టేటస్ పట్టింపు తక్కువ. మాకు అలా రెండు చోట్ల కలిపి 1,500 డాలర్లు వచ్చాయి.

ఖర్చు నిజంగా తగ్గించింది స్కాలర్‌షిప్పుల కంటే క్రెడిట్లే. టెక్సాస్ పబ్లిక్ కాలేజీలన్నిటికీ 42 క్రెడిట్ గంటల కోర్ పాఠ్యాంశాలు ఉమ్మడి, ఒక చోట పూర్తిచేస్తే మరో చోట లెక్కకొస్తాయి. కమ్యూనిటీ కాలేజీలో కౌంటీ వాళ్ళకు క్రెడిట్ గంట వంద డాలర్ల లోపే దొరుకుతుంది. మా అమ్మాయి ఏపీ పరీక్షలతో, హైస్కూల్లోనే చేసిన డ్యూయల్ క్రెడిట్‌తో దాదాపు ఒక ఏడాది చదువు ముందే గట్టెక్కించింది. కమ్యూనిటీ కాలేజీ అంటే మనవాళ్ళు ఇంకా మొహం చిట్లిస్తారు. "పిల్ల సీటు రాక అక్కడికెళ్ళిందా వదినా?" అని ఒకావిడ నన్నే అడిగింది. డిగ్రీ కాగితం మీద చివరి యూనివర్సిటీ పేరే ఉంటుందని చెప్పాను.

ఇక అన్నిటికంటే బరువైన విషయం 21 ఏళ్ళు. మా అమ్మాయికి 2028 జులైలో 21 నిండుతాయి, అంటే మూడో ఏడాది పూర్తయ్యే వేసవి. ఆ రోజుతో హెచ్-4 అయిపోతుంది. అప్పటికి ఐ-539 వేసి ఎఫ్-1కి మారాలి, లేదంటే గ్రీన్ కార్డు రావాలి. ఏ దేశానికీ ఏడాది కోటాలో ఏడు శాతం మించి ఇవ్వకూడదన్న నియమం వల్ల మన క్యూ సంగతి మీకు తెలిసిందే. సీఎస్‌పీఏ చట్టం కింద ఐ-140 పెండింగులో ఉన్న రోజులను వయసులోంచి తీసేస్తారు. కానీ 2025 ఆగస్టు 15 నుంచి వేసే దరఖాస్తులకు ఆ వయసును ఫైనల్ యాక్షన్ డేట్ చార్టు ప్రకారమే లెక్కిస్తున్నారు, దాంతో చాలామంది పిల్లలకు ఆశ సన్నగిల్లింది. మీ లెక్క మీ లాయరుతోనే వేయించుకోండి, వాట్సాప్‌లో వేయించుకోకండి.

ఎఫ్-1కి ఎప్పుడు మారాలన్నది పెద్ద చర్చ. హెచ్-4 మీద పిల్లలు జీతం వచ్చే ఏ పనీ చెయ్యకూడదు, లైబ్రరీలో గంటల పని కూడా. మనకిచ్చే ఈఏడీ భార్యాభర్తలకే, పిల్లలకు కాదు. ఎఫ్-1 అయితే క్యాంపస్‌లో చదువు రోజుల్లో వారానికి 20 గంటలు పనిచెయ్యవచ్చు, సీపీటీ మీద పెయిడ్ ఇంటర్న్‌షిప్ చెయ్యవచ్చు, చదువయ్యాక ఓపీటీ ఉంటుంది. ఇంజినీరింగ్ పిల్లలకు ఇంటర్న్‌షిప్ లేకపోతే ఉద్యోగం కష్టం. అయితే మారితే ఇన్-స్టేట్ ఫీజు సంగతేమిటి? టెక్సాస్‌లో ఎఫ్-1 మీద కొత్తగా స్థిరనివాసం ఏర్పరచుకోవడం కుదరదు. అందుకే ముందే రెసిడెంట్‌గా ఉన్న విద్యార్థి ఎఫ్-1కి మారితే ఏమవుతుందో మేం రిజిస్ట్రార్ ఆఫీసును ఈమెయిల్‌లో అడిగి, వచ్చిన జవాబును ఫైలులో పెట్టుకున్నాం. మీ కాలేజీని మీరూ అడగండి. ఇంకా గ్రీన్ కార్డు ప్రక్రియలో ఉండి ఎఫ్-1 అడగడంలో చిక్కులున్నాయి, దాని మీద ఇండియా వెళ్ళి స్టాంపింగ్ చేయించుకోవడంలో మరీ ఎక్కువ.

మా మామయ్యగారు ఫోన్లో, "అమ్మాయ్, కాస్త పొలం అమ్మి పంపించమంటావా?" అన్నారు. ఆ మాటకే కళ్ళు చెమర్చాయి, వద్దన్నాను. ఇండియా నుంచి అలా ఏడాదిలో లక్ష డాలర్లు మించి బహుమతిగా వస్తే పన్ను లేకపోయినా 3520 అనే ఫారం ఇక్కడ తప్పక వెయ్యాలి, మర్చిపోతే జరిమానా గట్టిగా ఉంటుంది.

ఇప్పుడు మావాడి సంగతి. తొమ్మిదో తరగతి, ఇక్కడ పుట్టినవాడు కాబట్టి ఫాఫ్సాకు అర్హుడు. తల్లిదండ్రుల వీసా ఏదైనా అడ్డం కాదు. సోషల్ సెక్యూరిటీ నంబరు లేని తల్లి కూడా స్టూడెంట్ ఎయిడ్ సైటులో అకౌంట్ తెరవచ్చు. ఇద్దరూ కలిపి ట్యాక్స్ వేస్తే ఒక్కరి వివరాలు చాలు. "మేం హెచ్-1బి కదా, మాకు ఉండదు" అని పౌరులైన పిల్లలకు కూడా నింపని ఇళ్ళు నాకు తెలుసు. అది చేతికొచ్చే సాయాన్ని వదిలేసుకోవడమే. ఫాఫ్సా మనం ఉంటున్న ఇంటినీ, 401కే లాంటి రిటైర్‌మెంట్ ఖాతాలనూ ఆస్తిగా లెక్కించదు. కానీ షాద్‌నగర్‌లో కొన్న ప్లాటు, విజయవాడలో అద్దెకిచ్చిన ఫ్లాటు లెక్కలోకి వస్తాయి. ఇండియాలో ఉంది కదా, ఎవరికి తెలుస్తుంది అనుకోవద్దు. తప్పు చెప్పి సంతకం పెట్టడం మన స్టేటస్‌కు మంచిది కాదు. పిల్లల పేరు మీద బ్యాంకులో వేసిన డబ్బులో 20 శాతం చదువుకు పెట్టాలని ఆ లెక్క చెబుతుంది. అదే తల్లిదండ్రుల పేరు మీదున్న 529 ఖాతాలో అయితే ఎక్కువలో ఎక్కువ 5.64 శాతం. ఒకేసారి ఇద్దరు పిల్లలు కాలేజీలో ఉంటే ఇచ్చే తగ్గింపు ఫాఫ్సాలో 2024-25 నుంచి తీసేశారు, పాత వీడియోలు చూసి మోసపోకండి. తల్లిదండ్రులు తీసుకునే ప్లస్ లోన్‌కు 2026 జులై నుంచి ఏడాదికి 20 వేలు, మొత్తం 65 వేల డాలర్ల పరిమితి వస్తోంది.

ఫాఫ్సా రెండేళ్ళ వెనకటి ఆదాయం చూస్తుంది. మావాడు 2029లో కాలేజీకి వెళ్తాడు, అంటే వాళ్ళు చూసేది మా 2027 ట్యాక్సు. అమ్మాయి ఇప్పుడు హాస్టల్ నుంచి ఆదివారాలు ఫోన్ చేస్తుంది, పప్పుచారు ఎలా పెట్టాలో అడుగుతుంది. మా ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించాను. అందులో 2027 పక్కన తమ్ముడి పేరు, 2028 జులై పక్కన అక్క పేరు ఉన్నాయి. ఆ జులైకి ఆరు నెలల ముందు లాయర్‌కు ఫోన్ చెయ్యాలని ఎర్ర పెన్నుతో రాసి పెట్టాను.